కారుకు గట్టి హారన్: విండ్‌టోన్ జతను రిలేతో మనమే బిగించుకోవడం

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాం. పక్క లేన్‌లో పోతున్న లారీ ఇండికేటర్ కూడా వేయకుండా మా మీదికి జరగడం మొదలుపెట్టింది. హారన్ నొక్కాను. మా చిన్న కారు "పీఁ" అంది. అంతే. క్యాబిన్‌లో పాటలు పెట్టుకుని కూర్చున్న డ్రైవరుకు అది వినపడే ఆస్కారమే లేదు. బ్రేకు తొక్కి వెనక్కి తగ్గాను కాబట్టి సరిపోయింది. ఆ ఆదివారమే హారన్ మార్చే పనిలో పడ్డాను. మొదటిసారి షాపులో తప్పుగా చేయించాను, రెండోసారి నేనే సరిగ్గా చేశాను. ఆ తర్వాత మా బావమరిది కారుకి, పక్క ఫ్లాట్ ఆయన కారుకి కూడా నేనే బిగించాను.

స్పానర్ పట్టడం వచ్చి, కారు బ్యాటరీ అంటే భయం లేనివాళ్లకు ఇది రెండు మూడు గంటల పని. మొదటిసారైతే పూట మొత్తం పడుతుందనుకోండి. కారు 12 వోల్టులదే కాబట్టి షాక్ కొట్టదు. కానీ షార్టయితే వైరు కాలిపోతుంది, అదృష్టం బాగోకపోతే కారూ కాలిపోతుంది. అందుకే కింద వైరింగ్ గురించి కాస్త ఎక్కువే రాశాను.

పాత హారన్‌ని ముందు పరీక్షించండి

హారన్ సౌండ్ తగ్గిందని వచ్చేవాళ్లలో కొందరికి కొత్తది అవసరమే ఉండదు. ఇంతకుముందు బాగా మోగి ఇప్పుడు గొంతు పోయిందంటే తేడా వైరులోనో, ఎర్త్‌లోనో (కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి), బ్యాటరీలోనో ఉండొచ్చు. తెలుసుకోవడం తేలికే. హారన్ కప్లర్ (వైర్లను హారన్‌కి కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) పీకేసి, రెండు మందపాటి వైరు ముక్కలతో బ్యాటరీ నుంచి నేరుగా హారన్‌కి కరెంటు ఇవ్వండి. ప్లస్ వైపు ముక్కకు మధ్యలో ఒక ఫ్యూజు ఉంటే మంచిది. అలా ఇచ్చినప్పుడు గట్టిగా మోగి, బటన్ నొక్కినప్పుడు నీరసంగా మోగితే హారన్ తప్పు లేదు. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు విప్పి, గీకి, మళ్లీ బిగిస్తే పని అయిపోతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లలో తిరిగే కార్లకు ఈ ఉప్పుగాలి తుప్పు మామూలే.

బ్యాటరీ కూడా చూడండి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెడితే నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.4 దాకా చూపిస్తుంది. దానికంటే బాగా తక్కువుంటే ముందు ఆ సంగతి చూసుకోండి.

నేరుగా ఇచ్చినా అదే "పీఁ" అయితే హారన్ పుట్టుకే అంత. చాలా చిన్న కార్లకు కంపెనీ నుంచి ఒక్క డిస్క్ హారనే వస్తుంది. అప్పుడు మార్చడంలో అర్థం ఉంది.

ఏది కొనాలి

షాపులో మూడు రకాలు చూపిస్తారు. ఒకటి డిస్క్ హారన్, చిన్న పళ్లెంలా ఉంటుంది. సౌండ్ సన్నగా, పదునుగా చెవిలో గుచ్చుకుంటుంది. రెండోది విండ్‌టోన్, నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది. షాపుల్లో దీన్నే స్కోడా టైపు హారన్ అనేస్తుంటారు, ఏ బ్రాండ్‌దైనా సరే. లోపల రేకు కంపించడం వల్ల పుట్టిన సౌండ్ ఆ చుట్టల గొట్టంలోంచి తిరిగొచ్చి బొద్దుగా, పెద్ద కారు హారన్‌లా వినపడుతుంది. మూడోది కంప్రెసర్‌తో పనిచేసే ఎయిర్ హారన్. దాని జోలికి పోకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

నేను చెప్పేది విండ్‌టోన్ జత. జతలో ఒకటి లో టోన్, ఒకటి హై టోన్. ఒకదాని మీద ఎల్ అని, ఇంకోదాని మీద హెచ్ అని అచ్చేసి ఉంటుంది. కంపించే వేగం బ్రాండును బట్టి అటూఇటూగా ఉంటుంది కానీ సుమారుగా లో టోన్ 400 హెర్ట్జ్, హై టోన్ 500 హెర్ట్జ్ అనుకోండి. సంగీతం తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు: నాలుగుకి అయిదు అంటే షడ్జమం పక్కన అంతర గాంధారం. రెండూ కలిసి మోగితే చెవికి నిండుగా ఉండేది అందుకే. షాపతను పొరపాటున రెండూ హై టోన్ ఇస్తే ఆ నిండుదనం రాదు, డబ్బా విప్పి చూసి తీసుకోండి.

రెండు హారన్లు పెడితే సౌండ్ రెట్టింపు అవుతుందని చాలామంది అనుకుంటారు. అవదు. సమానమైన రెండు హారన్లు కలిస్తే 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 పెరగాలి. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది కూడా. మరి తేడా ఎక్కడొస్తుందంటే, సన్నటి కూత స్థానంలో మంద్రంగా ఒకటి, పైన ఒకటి మోగేసరికి అవతలివాడికి అది చిన్న బండి అనిపించదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసే 118 డెసిబెల్స్‌ని చూసి మురిసిపోకండి. హారన్‌ని విడిగా కొలిచేది 2 మీటర్ల దూరంలో. కారుకి బిగించాక కొలిచేది 7 మీటర్ల దూరంలో, అక్కడ 93 నుంచి 112 మధ్య ఉండాలన్నది ప్రమాణం.

బాష్, రూట్స్, మిండా, హెల్లా ఇవన్నీ దొరికే పేర్లే. రూట్స్ మన పక్కనున్న కోయంబత్తూరుది. ఏది కొన్నా 12 వోల్టులదే కొనండి. లారీలకు 24 వోల్టులది ఉంటుంది, అది కారుకి పెడితే మూలుగుతుంది. నకిలీలు బాగా తిరుగుతున్నాయి. చేతిలోకి తీసుకుంటే మరీ తేలిగ్గా ఉన్నా, డబ్బా మీద స్పెల్లింగ్ తప్పున్నా, బిల్లు ఇవ్వనన్నా వదిలేయండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో నాలుగు షాపులు తిరిగితే అసలు ధర తేలుతుంది.

హారన్లతో పాటు కొనాల్సినవి: 12 వోల్టుల 30 లేదా 40 ఆంపియర్ల రిలే ఒకటి, దాని సాకెట్, 20 ఆంపియర్ల ఫ్యూజు, దాని హోల్డర్, రెండు స్పేర్ ఫ్యూజులు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఎరుపు మూడు మీటర్లు, నలుపు రెండు మీటర్లు; 1 చదరపు మిల్లీమీటరు వైరు ఒక మీటరు; వైరు చివర నొక్కే 6.3 మిల్లీమీటర్ల ఆడ లగ్గులు, బ్యాటరీకి, ఎర్త్‌కి గుండ్రటి లగ్గులు. వేడి తగిలితే వైరుకు బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్, వైర్లు దూర్చే ముడతల (గరుకు) ప్లాస్టిక్ గొట్టం, కేబుల్ ట్యాగులు. ఇవన్నీ కలిపి కప్లర్లతో సహా తయారుగా వచ్చే హారన్ వైరింగ్ కిట్ కూడా దొరుకుతుంది. కారు ఇంకా వారంటీలో ఉంటే అదే కొనండి. కంపెనీ వైరుకి ఎక్కడా గాటు పెట్టనక్కర్లేదు, రేపు సర్వీస్ సెంటర్‌లో మాట పడే పని ఉండదు.

రిలే ఎందుకు

నా మొదటి తప్పు ఇదే. వీధి చివర షాపులో బిగించిన కుర్రాడిని అడిగితే "రిలే ఎందుకు సార్, డైరెక్ట్‌గా ఇచ్చేస్తా, సూపర్‌గా కొడుతుంది" అన్నాడు. పాత వైరు తొక్క ఒలిచి, కొత్త హారన్ల వైర్లు దానికి మెలేసి, టేపు చుట్టి ఇచ్చాడు. పది నిమిషాల పని. సౌండ్ కూడా మొదట బాగానే ఉంది. నెల తిరక్కముందే సూర్యాపేట దాటాక ఫ్యూజు పోయింది. మిగతా దారంతా లైటు కొట్టుకుంటూ వచ్చాను.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్, బానెట్ ఎత్తి ఆ టేపు చూసి నవ్వాడు. కొత్త ఫ్యూజు పెట్టి, నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి పది సెకన్లు హారన్ నొక్కి పట్టుకోమన్నాడు. తర్వాత పిలిచి, "ఆ వైరు మీద చెయ్యి పెట్టు అబ్బాయ్" అన్నాడు. గోరువెచ్చగా ఉంది. "వైరు వేడెక్కిందంటే నీ సౌండు అక్కడ ఖర్చయిపోతోందని లెక్క. హారన్ దాకా ఏం మిగుల్తుంది?"

లెక్క వేస్తే ఆయన మాట అక్షరాలా నిజం. పాత డిస్క్ హారన్ మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది. విండ్‌టోన్ ఒక్కోటీ అయిదారు, రెండూ కలిసి పదకొండు దాకా లాగుతాయి. కంపెనీ వేసిన సన్న వైరు 0.5 చదరపు మిల్లీమీటర్లదై మూడు మీటర్లు ఉందనుకుంటే, 11 ఆంపియర్ల దగ్గర ఆ వైరులోనే దాదాపు 1.3 వోల్టులు పోతాయి. అదే మూడు మీటర్లు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పావు వోల్టు పోతుంది. మెలేసిన జాయింట్లలో పోయేది దీనికి అదనం.

రిలే చేసే పని నీళ్ల ట్యాంకు కవాటం లాంటిది. పాత హారన్ వైరు చిన్న కరెంటుతో రిలేని లేపుతుంది, అంతే. రిలే లోపలి తీగచుట్ట (కాయిల్) తీసుకునేది 150 మిల్లీ ఆంపియర్ల చుట్టూ. రిలే లేచి బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే మందపాటి వైరుని హారన్లకు కలుపుతుంది. స్టీరింగ్‌లోని బటన్ కాంటాక్టుల మీద, కంపెనీ ఫ్యూజు మీద భారం పడదు. కారు హారన్‌నే మోగించే దొంగతనం అలారం ఉంటే అది కూడా ఈ కొత్త హారన్లతోనే మోగుతుంది, ఎందుకంటే రిలేని లేపే ట్రిగ్గర్ అదే పాత వైరు.

ఇక పని మొదలు

ఇంజిన్ చల్లారాక, చదునైన చోట, హ్యాండ్‌బ్రేక్ వేసి మొదలుపెట్టండి. మొట్టమొదట బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టండి. ప్లస్ కాదు, మైనస్. ముందు ప్లస్ విప్పబోతే స్పానర్ కారు బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. మైనస్ తీశాక కాసేపు ఆగండి, బంపర్ వెనక ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఉండే కార్లు చాలా ఉన్నాయి. వాటిని, వాటి వైర్లను కదిలించకండి. స్టీరింగ్ మధ్యలోని హారన్ ప్యాడ్ అసలు విప్పకండి, దాని కింద ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, ఈ పనికి అది అక్కర్లేదు కూడా. ఎలక్ట్రిక్ కారైతే హారన్ 12 వోల్టుల లైనులోనే ఉంటుంది కానీ బానెట్ కింద నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే వాటి దరిదాపులకు వెళ్లొద్దు, అవి హై వోల్టేజివి.

హారన్ ఎక్కువగా ముందు గ్రిల్ వెనక, రేడియేటర్ ముందు ఉంటుంది. కొన్ని కార్లలో గ్రిల్ పైన ఉన్న ప్లాస్టిక్ కవరు తీస్తే చెయ్యి పడుతుంది. కొన్నిట్లో బంపర్ విప్పక తప్పదు. బంపర్ తీయాలంటే పైన క్లిప్పులు, కింద స్క్రూలు, చక్రాల దగ్గర చెరో స్క్రూ ఉంటాయి. బంపర్‌ని మధ్యలో పట్టుకునేలా ఒకరి సాయం ఉంటే మంచిది, ఫాగ్ ల్యాంపుల కప్లర్లు పీకడం మర్చిపోకుండా లాగండి. ప్లాస్టిక్ క్లిప్పుల మధ్య పిన్ను ముందు పైకి లేపి ఆ తర్వాత మొత్తం లాగాలి. బలంగా పెకిలిస్తే విరుగుతాయి. ఎలాగూ ఒకటో రెండో విరుగుతాయి, ముందే నాలుగు కొని పెట్టుకోండి. తీసే ముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. స్క్రూలన్నీ ఒక స్టీలు గిన్నెలో వేసుకోండి. మా ఇంట్లో ఆ గిన్నె తర్వాత వంటింట్లోకి తిరిగి వెళ్లలేదు, అది వేరే కథ.

పాత హారన్ విప్పి దాని కప్లర్ చూడండి. ఒక్క వైరే ఉంటే హారన్ ఎర్త్‌ని బ్రాకెట్ ద్వారా బాడీ నుంచి తీసుకుంటోందని అర్థం. రెండు వైర్లుంటే ప్లస్, ఎర్త్ రెండూ అక్కడికే వస్తున్నాయి. వైరు రంగు చూసి ఇది ప్లస్, ఇది మైనస్ అనుకోకండి, కంపెనీకో పద్ధతి. బ్యాటరీ మళ్లీ తగిలించి, టెస్ట్ లైట్ (సూది తాకిన చోట కరెంటు ఉంటే వెలిగే చిన్న లైటు) క్లిప్‌ని బ్యాటరీ మైనస్‌కి పెట్టి, ఇంకొకరిని హారన్ నొక్కమని ఒక్కో వైరుకీ సూది తాకించండి. నొక్కినప్పుడు మాత్రమే వెలిగేది ట్రిగ్గర్ వైరు. నొక్కకపోయినా వెలుగుతూనే ఉంటే మీ కారులో బటన్ ఎర్త్ వైపు కలుపుతోందని. కంగారు అక్కర్లేదు, దానికీ దారుంది. చూశాక మైనస్ మళ్లీ విప్పేయండి.

ఎక్కడ బిగించాలి

వైర్లు కలపకముందే హారన్లను చేత్తో పట్టుకుని ఎక్కడ ఇముడుతాయో చూడండి. విండ్‌టోన్ డిస్క్ కంటే లావు. పాత హారన్ చోట రెండూ పట్టకపోవచ్చు, అప్పుడు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి పెట్టొచ్చు. ఏసీ కండెన్సర్ ముందు గాలి దారికి అడ్డంగా పెట్టకండి, మే నెలలో సిగ్నల్ దగ్గర ఏసీ మొరాయిస్తే గుర్తొస్తుంది. గ్రిల్ మళ్లీ పెట్టి, బానెట్ మూసి, ఎక్కడా తగలట్లేదని చూసుకోండి.

హారన్ నోరు ముందుకో, కిందకో వాలి ఉండాలి. పైకి తెరుచుకుని ఉంటే మొదటి వానకే నీళ్లు నిండి గొల్లుమంటుంది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపు పెడితే ఇక చెప్పక్కర్లేదు. హారన్‌తో వచ్చిన పల్చటి స్ప్రింగు బ్రాకెట్‌నే వాడండి. గట్టిగా ఉంటుంది కదా అని హారన్‌ని నేరుగా చాసిస్ రేకుకి బిగిస్తే దాని కంపనం చచ్చిపోయి సౌండ్ మూగబోతుంది. హారన్ ఒంటికి బ్రాకెట్ తప్ప ఇంకేదీ తగలకూడదు, వేలు పట్టేంత సందు చుట్టూ ఉండాలి.

పాత హారన్‌ని పారేయకండి. గుడ్డలో చుట్టి డిక్కీలో స్పేర్ టైరు పక్కన పెట్టండి. కారు అమ్మేటప్పుడు పనికొస్తుంది.

వైరింగ్

రిలే కింద పిన్నుల పక్కన అంకెలు ఉంటాయి: 30, 87, 85, 86.

30కి బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 ఎర్ర వైరు, మధ్యలో 20 ఆంపియర్ల ఫ్యూజు. ఈ ఫ్యూజు హోల్డర్ బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. ఫ్యూజు హారన్‌ని కాపాడ్డానికి కాదు, వైరుని కాపాడ్డానికి. రిలే దగ్గర పెడితే, బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న మీటరు వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలినప్పుడు దాన్ని ఆపేవాడు ఉండడు. హారన్ వైరింగ్ వల్ల కాలిందనే కార్ల కథల్లో చాలావరకు ఈ ముక్కే ఉంటుంది. హోల్డర్‌లో ఫ్యూజు ఇప్పుడే పెట్టకండి, అన్నీ అయ్యాక పెడదాం.

87 నుంచి 2.5 ఎర్ర వైరు హారన్ల వైపు వెళ్లి అక్కడ రెండు కొమ్మలుగా చీలి ఒక్కో హారన్‌కీ ఒక్కో పిన్నుకి వెళ్తుంది. హారన్ల రెండో పిన్నుల నుంచి నల్ల వైర్లు ఎర్త్‌కి. ఈ మామూలు విండ్‌టోన్లకు ప్లస్, మైనస్ తేడా లేదు, డబ్బాలోని కాగితం మీద ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప.

86కి పాత కప్లర్‌లోని ట్రిగ్గర్ వైరు, 85కి ఎర్త్. పాత కప్లర్‌లో రెండు వైర్లుంటే ఆలోచించే పనే లేదు, ఒకటి 86కి, ఒకటి 85కి ఇచ్చేయండి. బటన్ ప్లస్ కలిపినా, ఎర్త్ కలిపినా కాయిల్ లేస్తుంది. రిలే మీద గీసిన బొమ్మలో డయోడ్ గుర్తు ఉంటే మాత్రం 86 వైపే ప్లస్ రావాలి, తారుమారైతే డయోడ్ కాలిపోతుంది. కంపెనీ కప్లర్‌ని కోయకుండా దాని లోపలి పిన్నులకు సరిపోయే లగ్గులున్న చిన్న వైరు ముక్కలు గుచ్చి, పైన స్లీవ్ వేస్తే చాలు.

నాకు జరిగిన ఇంకో ముచ్చట. ఇంట్లో ఉన్న అయిదు పిన్నుల రిలే వాడాను. మధ్యలో ఉన్నది 87ఏ అని చూసుకోలేదు. 87ఏ అంటే రిలే పడుకుని ఉన్నప్పుడు కలిసి ఉండే పిన్ను. రాత్రి పదకొండుకి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బ్యాటరీ తగిలించిన మరుక్షణం రెండు హారన్లూ ఒక్కసారిగా అందుకున్నాయి. ఆ కంగారులో స్పానర్ ఎక్కడుందో కనపడలేదు. నాలుగో అంతస్తు నుంచి లుంగీ ఎగ్గట్టుకుని దిగొచ్చిన ఆయనకి ఇప్పటికీ నేను "హారన్ సార్"నే. నాలుగు పిన్నుల రిలే కొనండి, అయిదు పిన్నులదే ఉంటే మధ్యది ఏదో చదివి చూసుకోండి.

ఎర్త్‌ని తక్కువగా చూడకండి. ప్లస్ ఎంత లావు వైరుతో వచ్చిందో ఎర్త్ కూడా అంతే లావుతో వెళ్లాలి. వీలైతే నేరుగా బ్యాటరీ మైనస్‌కే తీసుకెళ్లండి. బాడీకి ఇస్తే ఇదివరకే కంపెనీ ఎర్త్ బోల్టు ఉన్న చోట, పెయింటు గీకి మెరుపు కనపడ్డాక లగ్గు పెట్టి బిగించి, పైన కాస్త వాజలైన్ రాయండి.

లగ్గులు క్రింపింగ్ ప్లయర్‌తోనే నొక్కండి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నలిపితే పట్టినట్టే ఉంటుంది, మూడు నెలల్లో వదులవుతుంది. నొక్కాక గట్టిగా లాగి చూడండి, ఊడితే అది ఇప్పుడే ఊడటం మంచిది. మెలేసి టేపు చుట్టడం మాత్రం వద్దే వద్దు. ఎండాకాలం బానెట్ కింద వేడికి ఆ టేపు జిగురు కారి విడిపోతుంది.

రిలేని నీళ్లు పడని ఎత్తులో, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) పక్కనో, బ్యాటరీ ట్రే పక్కనో, సాకెట్ నోరు కిందకి ఉండేలా బిగించండి. వైర్లన్నీ గరుకు గొట్టంలో దూర్చి, కంపెనీ వైర్ల కట్ట వెంబడే తీసుకెళ్లి, జానెడుకో కేబుల్ ట్యాగ్ వేయండి. ఇంజిన్ దగ్గరి సైలెన్సర్ గొట్టం, ఫ్యాను రెక్కలు, బెల్టు ఈ మూడింటికీ దూరంగా ఉంచండి. ఎలుకల బెడద ఉన్న ఇళ్లలో ఆ గొట్టం ఇంకా అవసరం.

మూసే ముందు పరీక్ష

గ్రిల్ పెట్టకముందే పరీక్షించండి. బ్యాటరీ మైనస్ తగిలించండి, ఆ తర్వాత ఫ్యూజు గుచ్చండి. గుచ్చగానే ఏమీ మోగకూడదు. ఇప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని, ఇంకొకరిని ఒక్క సెకను నొక్కమనండి. రిలే "టిక్" అనాలి, రెండూ కలిసి మోగాలి. ఒక్కటే మోగుతోందేమో అనుమానం వస్తే ఒక్కోదాని లగ్గు తీసి విడివిడిగా వినండి. రెండూ కలిసి మోగేటప్పుడు చెవి మోసపోతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇంకో రెండు నిమిషాలు పెట్టి వోల్టేజి చూడండి. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఒక సూది బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి హారన్‌కి ప్లస్ వచ్చే లగ్గు మీద ఆనించి హారన్ నొక్కించండి. అప్పుడు కనిపించే అంకె దారిలో పోతున్న వోల్టులు. అర వోల్టు లోపు ఉంటే బాగున్నట్టే. ఎక్కువుంటే ఏదో లగ్గు సరిగా పట్టలేదు. ఇదే పని బ్యాటరీ మైనస్‌కీ, హారన్ ఎర్త్ లగ్గుకీ మధ్య కూడా చేయండి. మా బావమరిది కారులో ప్లస్ వైపు 0.3 వచ్చింది, ఎర్త్ వైపు 1.4. పెయింటు సరిగా గీకలేదు. మళ్లీ గీకి బిగించాక 0.2కి దిగింది. అదే హారన్, సౌండ్‌లో తేడా వీధి చివర నిలబడ్డ పిల్లాడు కూడా చెప్పాడు.

అన్నీ మూశాక గడియారం సరిచేసుకోండి. బ్యాటరీ తీసినందువల్ల కొన్ని కార్లలో ఆటో పవర్ విండోకి మళ్లీ అలవాటు చేయాలి, మాన్యువల్‌లో ఉంటుంది.

మోగకపోతే

రిలే టిక్ అంటుంది కానీ హారన్ పలకదు అంటే ఫ్యూజు, 30 పిన్ను, 87 పిన్ను, ఎర్త్ ఈ వరసలో టెస్ట్ లైట్‌తో చూడండి. రిలే టిక్ కూడా అనకపోతే ట్రిగ్గర్ వైపు తేడా, పాత హారన్‌ని తగిలించి అది మోగుతోందో లేదో చూస్తే సగం తేలిపోతుంది. నొక్కగానే ఫ్యూజు పోతుంటే పెద్ద ఫ్యూజు పెట్టడం జవాబు కాదు, ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. గరగరమంటే నీళ్లు పోయాయేమో, లేదా ఒళ్లు దేనికో తగులుతోందేమో చూడండి. హారన్ వెనక లక్కతో మూసిన సర్దుబాటు స్క్రూ ఉంటే కొత్తదాన్ని తిప్పకండి. ఫ్యాక్టరీలో సరిచేసి మూసినది అది, తిప్పితే వారంటీ పోతుంది.

ఎయిర్ హారన్ ఎందుకు వద్దంటే

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 119వ నియమం స్పష్టంగా ఉంది: ఒకదాని తర్వాత ఒకటిగా వేర్వేరు స్వరాలు పలికే హారన్, మరీ కర్కశంగా, భయపెట్టేలా మోగే పరికరం మామూలు వాహనాలకు ఉండకూడదు. మన విండ్‌టోన్ జతలో రెండు స్వరాలూ ఒకేసారి మోగుతాయి, వరసగా కాదు. కాబట్టి ప్రమాణాలకు తగ్గ జతతో ఇబ్బంది లేదు. పాటలు పాడేవి, అంబులెన్స్‌లా ఊళపెట్టేవి, ప్రెషర్ హారన్లు (ఎయిర్ హారన్లనే ఇలా అంటారు) ఇవన్నీ ఆ నియమం కిందికి వస్తాయి. ట్రాఫిక్ పోలీసులు పీకించేస్తారు, జరిమానా అదనం.

మంచి హారన్ ఉన్నా ఎక్కడపడితే అక్కడ కొట్టే హక్కు రాదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194ఎఫ్ సెక్షన్ ప్రకారం అవసరం లేకుండా, ఆపకుండా హారన్ కొట్టినా, కొట్టకూడదని బోర్డు ఉన్న చోట కొట్టినా మొదటిసారి వెయ్యి, తర్వాత రెండు వేలు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తుంటారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్య ప్రజలకు సంబంధించిన అత్యవసర పరిస్థితిలో తప్ప కొట్టకూడదు. ముందు వెళ్తున్న బైకు మీద ముసలాయన ఉంటే వెనకాల దగ్గరగా వచ్చి ఒక్కసారిగా ఈ జతను మోగించకండి, పాత "పీఁ"కి ఉలిక్కిపడనివాడు దీనికి హ్యాండిల్ వదిలేస్తాడు. కాస్త దూరం నుంచే చిన్నగా ఒకసారి తట్టండి. అన్నట్టు, పల్లె రోడ్డు మీద గేదెలకు ఏ హారనైనా ఒకటే, అక్కడ ఆగాల్సిందే.

బిగించిన వారం తర్వాత బ్రాకెట్ నట్లు ఒకసారి మళ్లీ బిగించండి, కొత్త వాటికి కాస్త వదులవడం మామూలే. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి నొక్కి చూడండి, రిలే సాకెట్ పీకి లోపల తడి ఉందేమో చూడండి. ఫ్యూజు హోల్డర్‌ని చేత్తో తాకి చూడండి. చల్లగా ఉంటే బానెట్ దించేయొచ్చు.